విషజలము – గ్రామజనుల ప్రతిఘటనము



నాగార్జునసాగరపు కుడికాలువ నీరు మా నరసరావుపేట ప్రాంతమునకు వచ్చి అర్ధశతాబ్దము దాటినది. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపనము చేసిన ఆ ఆనకట్టనుండి 1967లో కాలువలకు నీరు విడిచిరి. అంతకు పూర్వము ఈ సీమ యెట్లుండెడిదో మీలో పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. శ్రీనాథునివని చెప్పుకొను చాటువులలో పల్నాటి జొన్నకూటిని యెగతాళి చేసిన మాటలు కలవు. వానిని తలచుకొని నవ్వువారును, నేటికిని కోపగించువారును మనలో కలరు. ఆ జొన్నకూటి సీమకు వరియన్నము తెచ్చినది ఆ కాలువ. కాబట్టి ఆ నీటికి పైన, అది మనకంటబడకముందు, ఏమి జరుగుచున్నదో విచారించుట మనపని.

జలాశయమునకు ఉత్తరపుటొడ్డున నల్లగొండజిల్లాలో పెద్దవూర మండలము కలదు. అందు లంబాపురము, పెద్దగట్టు అను చిన్న పల్లెలు. అచ్చటి జనులలో పెక్కురు లంబాడీలు. ఆ గుట్టలక్రింద యురేనియపు ఖనిజము కలదని తేలగా, దానిని త్రవ్వుటకు కేంద్రప్రభుత్వ సంస్థయైన యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పూనుకొన్నది. త్రవ్వుతావునకు జలాశయపుటంచు సమీపము. 2003 ఆగస్టులో అచ్చట ప్రజాభిప్రాయసేకరణ సభ జరిగినది. ప్రతిఘటనము బలముగా వచ్చెను. ఖనిజమును శుద్ధిచేయు కర్మాగారమును మొదట మల్లాపురమున పెట్టదలచిరి. పిదప దానిని దూరమున నున్న శేరిపల్లికి మార్చి 2005లో మరియొక సభ జరిపిరి. అచ్చటను జనులు ఒప్పుకొనలేదు. ఇన్నియేండ్లు గడచినను ఆ గని తెరవబడలేదు. ప్రజల ప్రతిఘటనమొక్కటే దీనికి కారణమని నేననను. వన్యమృగ సంరక్షణమునకు సంబంధించిన నియమములును అడ్డువచ్చినవి. అయినను, అడుగువారు లేకున్నచో ఆ నియమములు కాగితమున పడియుండెడివే గాని అధికారుల కంటబడియుండెడివి కావు. తరువాత నల్లమలయందును యురేనియపు మాట వచ్చినప్పుడు 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానిని వ్యతిరేకించుచు తీర్మానము చేసెను.

ఆ తండాలవారు ఇంతగా భయపడుటకు కారణమేమని మీరడుగవచ్చును. మన దేశమునందు ఖనిజములోని యురేనియపు పాలు మిక్కిలి తక్కువ. వేయికిలోల రాయి త్రవ్విన ఒక కిలో దొరకుట యరుదు. తక్కిన రాయినంతయు పిండిచేసి, రసాయనములతో కడిగి, బురదగా నొక చెరువులోనికి వదలుదురు. మనకు కావలసినది తీసివేసితిమి కదా, మిగిలినది వట్టి మట్టియే యనుకొందుమేమో! అట్లు కాదు. ఖనిజమునందలి కిరణశక్తిలో నూటికి ఎనుబదియైదు పాళ్లవరకు ఆ బురదలోనే నిలిచిపోవును. అందలి రేడియము సగమునకు తగ్గుటకు 1600 ఏండ్లు పట్టును. ఆ రేడియమును పుట్టించు థోరియమునకు డెబ్బదియైదువేల ఏండ్లు. ఆ చెరువుకట్టను అంతకాలము కాపాడు కావలివాడెవ్వడు? పల్నాటియుద్ధము జరిగి తొమ్మిదివందల యేండ్లు కాలేదని జ్ఞాపకముంచుకొనుడు.

ఇట్టి బురదచెరువును చూడదలచిన దూరము పోనక్కరలేదు. కడపజిల్లా తుమ్మలపల్లెలో యురేనియపు గని, శుద్ధికర్మాగారము పనిచేయుచున్నవి. ఆ చెరువు చుట్టుప్రక్కల పల్లెలవారు తమ బోరునీరు చెడినదనియు, అరటితోటలు పాడైనవనియు మొరపెట్టుకొనగా, చెరువునకు అడుగుపూత సరిగా వేసినట్లు లేదని 2019లో కాలుష్యనియంత్రణమండలి ఆ సంస్థను సంజాయిషీ అడిగెను. జార్ఖండములోని జాదుగూడయందు 1960వ దశకమునుండి ఇట్టి చెరువులప్రక్కనే సంతాలులు, హోలు కాపురముండి పోరాడుచున్నారు.

యురేనియము మాట యటుండనిండు. అంతకంటె సామాన్యమై, నిత్యమై, మన పల్లెలకు వచ్చుటకు వీలైనది మందుల కర్మాగారముల వ్యర్థజలము. దీనికి పటాన్‌చెరువు కథ వినవలెను.

హైదరాబాదునకు పడమరగా మెదకుసీమలో పటాన్‌చెరువు, బొల్లారము అను తావులు కలవు. 1970వ దశకము నడుమనుండి అచ్చట పరిశ్రమలపేట వెలసినది. 1980లో మెదకునుండి లోకసభకు ఎన్నికైన ఇందిరాగాంధి ప్రధానమంత్రి గనుక పరిశ్రమలు మరింత వేగముగా పెరిగెను. ఉద్యోగములు వచ్చునని రైతులు సంతోషించిరి, సంతోషించుటలో తప్పేమి? మందులలోనికి మూలపదార్థమును చేయు కర్మాగారములు పదులకొలదిగా వచ్చినవి. ఒక కిలో మందు తయారగుటకు అనేక కిలోల ద్రావకములు, ఆమ్లములు ఖర్చగును. మందు సీసాలో పట్టణమునకు పోవును, మిగిలినది వాగులోనికి పోవును. అచ్చటి వాగు పేరు నక్కవాగు. అది మంజీరలో కలియును. మంజీర హైదరాబాదునకు త్రాగునీరిచ్చు నది.

మొదట నీటిరంగు మారినది. తరువాత చేపలు చచ్చినవి. ఆ నీరు పారించిన వరి పాలుపోసికొనక తాలుపోయినది. పశువులు ఈచుకొనిపోయినవి. బావులలోనికి విష మెట్లు వచ్చినదనగా, ఆ నేల క్రింద నుండునది పగుళ్లుపారిన నల్లరాయి. వాగునీరు ఆ పగుళ్లవెంట ప్రాకి బావులకు చేరును. పైకి తేటగా కనబడు నీటిలోనే విషముండవచ్చును. ఇచ్చట మన సంగతి యొకటి చెప్పవలెను. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల ప్రాంతముల క్రింద నున్నది సున్నపురాయి. సున్నపురాయి నీటికి కరగి సందులు, సొరంగములు ఏర్పడును. ఇసుకనేలలో నీరు మెల్లగా వడియకట్టబడి దిగును. సున్నపురాతిలో కాలువయందువలె పరుగెత్తును. అట్టి నేలపై విషపు గుంట యొకటి పెట్టిన, ఏ బావిలో తేలునో ముందుగా చెప్పుట కష్టము.

పటాన్‌చెరువులో రైతులకు తోడై నిలిచినవారిలో డాక్టరు ఎ. కిషన్‌రావుగారు ముఖ్యులు. ఆయన అచ్చటనే వైద్యము చేయుచు, తన యొద్దకు వచ్చు రోగులను చూచి, ఈ రోగములకు మూలము మందుగదిలో లేదు, వాగులో నున్నదని గ్రహించిరి. వైద్యుడు రోగిని వదలి వాగువెంట నడచుట అరుదైన సంగతి. ఊరూరి రైతులు అర్జీలు పెట్టిరి, రోడ్లపై బైఠాయించిరి. ప్రభుత్వము వినకపోగా 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము దాఖలైనది. గ్రామములకు మంచినీరియ్యవలెననియు, పంట నష్టపోయినవారికి పరిహారమియ్యవలెననియు ఉత్తరువులు వచ్చినవి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టునుండి రాష్ట్ర హైకోర్టునకు, హైకోర్టునుండి జాతీయ హరిత న్యాయస్థానమునకు తిరుగుచు పావుశతాబ్దమునకు పైగా సాగినది. వ్యాజ్యము వేసిన తరమువా రెందరో తీర్పు చూడకయే పోయిరి. గెలుపు వచ్చినదా యనిన, వచ్చినది. కాని పరిహారము చేతికందుసరికి పొలము పొలముగా మిగులలేదు.

నడుమ నొక ఉపాయము పన్నిరి. కర్మాగారములన్నియు తమ వ్యర్థజలమును ట్యాంకరులలో ఒక్కచోటికి తెచ్చి శుద్ధిచేయునట్లు ఉమ్మడి శుద్ధికేంద్రము కట్టిరి. చూచుటకు బాగుగనే యున్నది. కాని ఆ కేంద్రము మురుగునీటిని శుద్ధిచేయు పద్ధతిపై, అనగా సూక్ష్మజీవులచేత మలినమును తినిపించు పద్ధతిపై ఆధారపడినది. సూక్ష్మజీవులను చంపుటకై తయారుచేసిన మందుల వ్యర్థమును సూక్ష్మజీవులే యెట్లు తినగలవు? 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు, జోకిమ్ లార్సన్ మొదలైనవారు, ఆ కేంద్రమునుండి శుద్ధియై బయటికి వచ్చిన నీటిని పరీక్షించిరి. సుమారు తొంబది మందుల కర్మాగారముల నీరు అందు చేరుచుండెను. సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు నుండెను. మందు పుచ్చుకొను రోగి రక్తములో నుండు దానికంటె ఇది యెక్కువ. దినమునకు ఆ మందొక్కటే 45 కిలోలు బయటికి పోవుచున్నదనియు, అది స్వీడను దేశమంతయు ఐదు దినములలో వాడుకొనునంత యనియు వారు లెక్కగట్టిరి. మందునకు లొంగని క్రిములు పెరుగుటకు ఇంతకంటె తగిన కుండ మరియొకటి లేదు. మన మనుమనికి జ్వరము వచ్చి, నిన్నటివరకు పనిచేసిన మందు నేడు పనిచేయకున్నచో, దానికి కారణము నూరామడల దూరమున నున్న వాగులోనైనను ఉండవచ్చును.

తరువాత పటాన్‌చెరువునుండి గొట్టము వేసి ఆ నీటిని హైదరాబాదు నగరపు మురుగులో కలిపిరి. నక్కవాగునకు భారము తగ్గినది. మూసీ దిగువ పల్లెలకు పెరిగినది. ఇది న్యాయమా? నా యభిప్రాయమున కాదు. ఒక యింటి చెత్తను ప్రక్కయింటి పెరటిలో వేసి ఇల్లు శుభ్రమైనదనుట వంటిదే.

ఎవరి పెరటిలో వేయుదురన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో నార్త్ కెరొలైనా రాష్ట్రమున వారెన్ కౌంటీ యను బీదసీమ కలదు. అచ్చటివారిలో నల్లజాతివారే యెక్కువ. రోడ్లప్రక్కన దొంగతనముగా పారబోసిన పి.సి.బి. యను విషపునూనె కలిసిన మన్నును ఎత్తి ఆ సీమలో పాతిపెట్టుటకు 1982లో ప్రభుత్వము పూనుకొన్నది. జనులు లారీలకడ్డముగా రోడ్డుపై పరుండిరి. ఐదువందలకుపైగా అరెస్టులు జరిగినవి. మన్ను పూడ్చివేసిరి, జనులు ఓడిరి. అయినను "ఈ విషము మా యూరికే యేల?" యను వారి ప్రశ్న ఓడలేదు. పర్యావరణ న్యాయమను మాట ప్రపంచమంతట వ్యాపించినది అచ్చటినుండియే. రెండుదశాబ్దముల పిమ్మట, 2003 నాటికి, ప్రభుత్వమే ఆ మన్నును శుద్ధిచేయవలసివచ్చెను.

అట్టి పోరాటము పల్నాటికి క్రొత్త గాదు. 1921లో పుల్లరి కట్టమని యెదురుతిరిగినవారు, 1922 ఫిబ్రవరిలో మించాలపాడున తుపాకిగుండ్లకు బలియైన కన్నెగంటి హనుమంతు, ఈ సీమవారే. అప్పటి తగవు అడవిలో పశువులు మేయు హక్కునకై. ఇప్పటిది పశువులు త్రాగు నీటికై. నేడు తుపాకికి బదులు కాగితము వచ్చును గనుక, కాగితపు సంగతి కొంచెము వివరముగా చెప్పుట మంచిది.

2006 సెప్టెంబరు 14వ తేదీ కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి, పెద్ద పరిశ్రమకు అనుమతి నిచ్చుటకుముందు ఆ తావున గాని సమీపమున గాని ప్రజాభిప్రాయసేకరణ సభ జరుపవలెను. ముప్పది దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. పరిశ్రమవారి నివేదిక సారాంశము తెలుగున ఉండవలెను. సభకు కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షులు. సభాంతమున చెప్పబడినవన్నియు తెలుగులో చదివి వినిపింపవలెను. మీరన్న మాట అందులో లేకున్నచో అచ్చటనే లేచి అడుగవచ్చును. ఒక సంగతి ముఖ్యము: ఆ సభకు ఇంతమంది రావలెనను నియమము లేదు. "మనము పోకున్న సభ జరుగదులే" యని ఇంటనుండినవారి యూరికి, సభ జరిగినట్లే వ్రాసికొని అనుమతి రావచ్చును.

మరి కర్మాగారము ఎగువజిల్లాలో, ఇప్పుడు ఎగువరాష్ట్రములో వచ్చినచో? 2014నుండి పెద్దగట్టు తెలంగాణలోను, 2022లో ఏర్పడిన మన పల్నాడుజిల్లా ఆంధ్రప్రదేశములోను ఉన్నవి. సభ అచ్చటనే జరుగును, దిగువవారికి పీట వేయరు. కాని అదే ప్రకటనలో, పర్యావరణ విషయమున తగిన సంబంధము గల ఇతరులు తమ యభిప్రాయమును వ్రాతమూలముగా పంపవచ్చునని యున్నది. కాలువ చివరి పంచాయతీకైనను ఆ సంబంధము కలదని నా వాదము.

న్యాయస్థానములును కొంత తోడు నిలిచినవి. రాజస్థానములోని బిచ్చిరి గ్రామపు బావులు చెడిన వ్యాజ్యమున, చెరిపినవాడే బాగుచేయు ఖర్చు భరింపవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. హైదరాబాదు జంటజలాశయములకు సమీపమున ఆముదపునూనె పదార్థముల కర్మాగారము పెట్టదలచినప్పుడు, హాని లేదని రుజువుచేయు భారము పెట్టదలచినవానిదే గాని ప్రజలది కాదని 1999లో చెప్పెను.

కొన్ని చిన్న సంగతులు కూడ చెప్పవలెను. విషవ్యర్థములను కొనిపోవు లారీవెంట అది యెచ్చటనుండి యెచ్చటికి పోవుచున్నదో తెలుపు రవాణాపత్రము ఉండితీరవలెను. పూడ్చుటకు ప్రత్యేకస్థలములు కలవు: ఆంధ్రప్రదేశమున పరవాడ, తెలంగాణమున దుండిగల్లు. వాగుప్రక్కన అర్ధరాత్రి ఆగిన ట్యాంకరువద్ద ఆ పత్రము కలదేమో పోలీసులచేతను మండలివారిచేతను చూపింపుడు. మరియు, చౌకగా దొరకునని సంతలో కొను నీలిపీపాలలో ఎన్ని యొకప్పుడు రసాయనములు మోసినవో! వానిలో నీరు, గింజలు నిలువచేయవలదు.

నీటి పరీక్ష విషయము. మీరు సీసాలో పట్టి పంపిన నీటి ఫలితము మీకు తెలియుటకు పనికివచ్చును. కాని 1974నాటి జలచట్టముక్రింద శిక్షకై నడచు వ్యాజ్యమునందు, మండలి అధికారి కర్మాగారమువారికి నోటీసిచ్చి తీసి, రెండుగా పంచి ముద్రవేసిన నమూనాయే చెల్లును. కావున అర్జీలో "విచారింపుడు" అని మాత్రము వ్రాయక, "చట్టప్రకారము నమూనా తీయుడు" అని వ్రాయవలెను. కర్మాగారము రాకమునుపే మూడునాలుగు బావుల నీటిని పరీక్షింపించి ఆ కాగితము పంచాయతీలో దాచుట మరియు మేలు. లేనిచో, మీ నీరు ముందునుండియే యట్లుండెనని వారందురు.

హరిత న్యాయస్థానపు దక్షిణపీఠము చెన్నపట్టణములో నున్నది. అచ్చట వివాదము వేయుటకు హేతువు మొదట పుట్టిన దినమునుండి ఆరునెలలును, పరిహారము కోరుటకు ఐదేండ్లును గడువు. ఆ మొదటి దినమేదో రుజువుచేయవలసినవారు మీరు. కనుక బావినీటి రంగుగాని వాసనగాని మారిన నాడే, తేదీతో, బావి గుర్తులతో, పదుగురి సంతకములతో పంచాయతీ పుస్తకమున వ్రాయించుడు.