బెంప్టన్ క్లిఫ్స్: 5 లక్షల పక్షుల్ని చూడాలంటే ఎక్కడ నిలబడాలి?

ఇవాళ్టి టాపిక్ సముద్రపక్షులు.

యూకేలో చదువుకుంటున్న మనవాళ్ల రీల్స్ చూస్తే లండన్, ఎడిన్‌బరో, మళ్లీ లండన్. అయితే లీడ్స్, షెఫీల్డ్, హల్ లాంటి ఊళ్లలో ఉన్నవాళ్లు ఒక్క రోజులో వెళ్లి వచ్చేయగలిగే చోటు ఇంకొకటుంది. యార్క్‌షైర్ తూర్పు తీరంలో ఉన్న బెంప్టన్ క్లిఫ్స్. ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షి సంరక్షణ సంస్థ దీన్ని చూసుకుంటుంది. సముద్రం పక్కన సుమారు 100 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన సుద్దరాయి కొండ అది. మార్చి నుంచి అక్టోబర్ మధ్యలో దాదాపు 5 లక్షల సముద్రపక్షులు అక్కడికి వస్తాయి. కొండపైన కంచె వేసిన వ్యూ పాయింట్లు ఉంటాయి. అక్కడ నిలబడి కిందికి చూడటమే.

మొదట తెలిసేది కళ్లకి కాదు, ముక్కుకి. లక్షల పక్షుల రెట్ట వాసన గాలిలో ముందే వచ్చేస్తుంది. తర్వాత చెవులకి. ఆ గోలలో కిట్టివేక్ అనే పక్షిని ఈజీగా గుర్తుపట్టొచ్చు, ఎందుకంటే అది తన పేరే తాను అరుస్తుంటుంది.

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్న పెద్ద తెల్ల పక్షి గానెట్. తల పసుపు, రెక్కల చివర్లు నలుపు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 2 మీటర్లు. 30 మీటర్ల ఎత్తు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నీళ్లలోకి దూకి చేపని పడుతుంది. అంత వేగంతో నీటిని గుద్దుకుంటే ఏమీ కాదా? ముఖం దగ్గర, ఛాతీ దగ్గర చర్మం కింద గాలి సంచులు ఉంటాయి. మన కార్లో ఎయిర్‌బ్యాగ్ లాంటివి అన్నమాట.

అందరూ వెతికేది మాత్రం పఫిన్‌ని. రంగురంగుల ముక్కుతో ఉంటుంది కదా, అదే. ఫొటోల్లో పెద్దగా కనిపిస్తుంది కానీ నిజానికి మన ఊరి కాకి కంటే చిన్నది. బెంప్టన్‌లో అవి రాతి పగుళ్లలో గూడు పెట్టుకుంటాయి కాబట్టి ఓపిగ్గా వెతకాలి. జూలై చివరికల్లా వెళ్లిపోతాయి కూడా.

ఇక అసలు విషయానికి వద్దాం. కొండ అంచుల మీద, పండగ రోజు ఆర్టీసీ బస్సులో జనంలా, భుజం భుజం రాసుకుంటూ నిలబడేవి గిల్లెమాట్లు. నల్ల కోటు, తెల్ల చొక్కా వేసుకున్నట్టుంటాయి. ఇవి గూడు కట్టవు. ఉత్త రాతి మీదే గుడ్డు పెడతాయి. ఒకసారికి ఒక్కటే గుడ్డు. ఆ గుడ్డు బేరిపండులా ఒకవైపు లావుగా, ఇంకోవైపు కోసుగా ఉంటుంది. వాలుగా ఉన్న రాతి మీద కదలకుండా నిలవడానికి ఈ ఆకారం సాయపడుతుందని షెఫీల్డ్ యూనివర్సిటీకి చెందిన టిమ్ బర్క్‌హెడ్ టీమ్ 2018లో చూపించింది. ఒక్కో గుడ్డు రంగు, మచ్చలు ఒక్కోలా ఉంటాయి. అంత గుంపులోనూ ఎవరి గుడ్డుని వాళ్లు గుర్తుపడతారు.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. డ్రోనో, జెట్‌స్కీనో దగ్గరికొచ్చింది. పక్షులన్నీ ఒక్కసారిగా బెదిరి లేచాయి. ఆ తొక్కిసలాటలో కొన్ని గుడ్లు దొర్లి సముద్రంలో పడతాయి. మిగిలినవాటి కోసం పెద్ద గల్ పక్షులు కాచుకునే ఉంటాయి. రెండు నిమిషాల్లో ఆ జంటలకి ఆ ఏడాది మొత్తం పోవచ్చు. డ్రోన్ ఎగరేసినవాడికి మాత్రం పక్షులన్నీ ఒకేసారి ఎగిరిన సూపర్ షాట్ దొరుకుతుంది. అలాంటి వీడియో మీ ఫీడ్‌లో కనిపిస్తే లైక్ కొట్టేముందు ఆ గుడ్ల సంగతి గుర్తు తెచ్చుకోండి.

అందుకే రూల్ చాలా సింపుల్. పక్షి తన పని తాను చేసుకుంటుంటే మీరు సరైన దూరంలో ఉన్నట్టు. గిల్లెమాట్లు మీ వైపు చూసి తలలు కిందికీ పైకీ ఊపడం మొదలుపెడితే అది హలో కాదు, కంగారు. అప్పుడు మెల్లగా వెనక్కి రావాలి. బెంప్టన్‌లో కొండ ఎత్తు, కంచె ఈ దూరాన్ని మనకోసం ముందే సెట్ చేసి పెట్టాయి. కంచె దాటకపోతే చాలు. పైగా సుద్దరాయి పెళుసు, అంచు ఎప్పుడు విరుగుతుందో తెలీదు. కాబట్టి కంచె మీ ప్రాణానికి కూడా.

ఈ రూల్ ఊరికే రాలేదు. దీని వెనక ఒక కథ ఉంది. 1840ల్లో ఈ తీరానికి రైలు వచ్చింది. రైలుతో పాటు టూరిస్టులూ వచ్చారు. వాళ్లలో కొంతమందికి సరదా ఏంటంటే, పడవల్లో కొండ కిందికి వెళ్లి గూళ్ల మీదున్న పక్షుల్ని తుపాకులతో కాల్చడం. తల్లి పక్షి చచ్చాక గూట్లో పిల్లలు ఆకలితో పోయేవి. కిట్టివేక్ రెక్కలు లేడీస్ టోపీల మీదికి వెళ్లేవి. బ్రిడ్లింగ్టన్ చర్చి ఫాదర్ బార్న్స్-లారెన్స్ లాంటివాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ ప్రాంతపు ఎంపీ క్రిస్టఫర్ సైక్స్ పార్లమెంటులో బిల్లు పెట్టారు. అలా వచ్చిందే 1869 నాటి సముద్రపక్షుల రక్షణ చట్టం. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 1 వరకు వాటిని చంపకూడదన్నారు. గుడ్లకి ఆ రక్షణ దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తాళ్లతో కొండ దిగి గుడ్లు ఏరే పని 1954 చట్టం వచ్చేదాకా నడిచింది. ఆ గుడ్లు ఏరడాన్ని చూడటానికి కూడా టూరిస్టులు వచ్చేవాళ్లు.

అంటే ఆ కొండకి టూరిస్టులు కొత్త కాదు. మనం ఎలాంటి టూరిస్టులం అన్నదే ప్రశ్న.

పక్షులకి ఇప్పుడు వేరే కష్టాలున్నాయి. 2022లో బర్డ్ ఫ్లూ బ్రిటన్ సముద్రపక్షుల్ని గట్టిగా దెబ్బకొట్టింది. జబ్బు నుంచి బతికి బయటపడ్డ కొన్ని గానెట్లకి లేత నీలం కళ్లు నల్లగా మారిపోయాయి. ఫార్న్ దీవుల్లో ఆ ఏడాది సందర్శకుల్ని దిగనివ్వడం ఆపేశారు. ప్రధాన దీవి ఇన్నర్ ఫార్న్ మళ్లీ 2024లో తెరుచుకుంది. ఇంకోటి తిండి. పఫిన్లు, కిట్టివేక్‌లు పిల్లలకి పెట్టేది ఎక్కువగా శాండ్‌ఈల్ అనే సన్నటి చేపలు. అందుకే నార్త్ సీలో ఇంగ్లండ్ జలాల్లో ఆ చేపల వేటని 2024లో ఆపేశారు. ఇన్ని దెబ్బలు తింటున్న పక్షికి మనవల్ల పోయే ఒక్క గుడ్డు కూడా పెద్ద లెక్కే.

సరే, ఎలా వెళ్లాలి? బెంప్టన్ స్టేషన్ హల్–స్కార్‌బరో రైలు లైన్‌లో ఉంది. దిగాక సుమారు రెండున్నర కిలోమీటర్ల నడక. 16–25 రైల్‌కార్డ్ ఉంటే చాలా టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. ఎంట్రీ ధర, రైలు టైమింగ్స్ ముందే చూసుకోండి. అన్ని రకాలూ కలిపి చూడాలంటే మే, జూన్ బెస్ట్. పఫిన్లు మిస్ అయితే గానెట్లు ఆగస్టులో కూడా ఉంటాయి.

జూన్ చివర్లో సాయంత్రం దాకా ఉండగలిగితే ఇంకో సీన్ దొరకొచ్చు. మూడు వారాల గిల్లెమాట్ పిల్ల, ఎగరడం కూడా రాకుండానే, కొండ మీంచి సముద్రంలోకి దూకేస్తుంది. కింద నీళ్లలోంచి నాన్న పిలుస్తుంటాడు. తర్వాత వారాల తరబడి సముద్రం మీద దాన్ని పెంచేది నాన్నే.

ఫోన్ గురించి మూడు మాటలు. ఒకటి, పఫిన్ కోసం ఫోన్ జూమ్‌ని కష్టపెట్టకండి, బైనాక్యులర్స్‌తో చూడండి. గానెట్లు మాత్రం మన కళ్ల ఎత్తులోనే గాలిలో తేలుతూ వెళ్తాయి, వాటికి స్లో మోషన్ పెట్టండి, అదిరిపోతుంది. రెండు, సెల్ఫీ స్టిక్ కంచె బయటికి చాపకండి. మీకు కనిపించకపోయినా అంచు కిందే పక్షి ఉండొచ్చు. డ్రోన్‌కి అక్కడ పర్మిషన్ లేదు. మూడు, చిప్స్ కవర్ గాలికి వదలకండి. గానెట్లు గూటికోసం గడ్డితో పాటు ప్లాస్టిక్ తాళ్లు, వలముక్కలు కూడా ఏరుకెళ్తాయి, పిల్లలు వాటిలో చిక్కుకుంటాయి. చచ్చిన పక్షిని, జబ్బుగా ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, అక్కడి స్టాఫ్‌కి చెప్పండి.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. వాటిని ఊరివాళ్లే కాపాడుకుంటూ వస్తున్నారు. అక్కడికెళ్లినా ఇదే రూల్: చెట్టు కిందికి దూరిపోయి చప్పట్లు కొట్టి ఎగరగొట్టకండి, దూరంగా నిలబడి చూడండి.

బెంప్టన్‌కి ఎవరైనా వెళ్లొస్తే ఏం చూశారో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై ఫ్రెండ్స్.