రిటైరయ్యాక ఎక్కడ ఉందాం?

“చెల్లె, మీ బావ రిటైరయిండు. ఇగ హైదరాబాద్‌ల కిరాయి కట్టుకుంట ఉండుడు మాతోని కాదు. మన నర్సింహులపేటకే వస్తం” అని మా అక్క ఫోన్ చేస్తే నాకెంత సంతోషమైందో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వాడకట్టులో ఒక పెద్దాయనకు అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చినప్పుడు బండి కోసం పడ్డ తిప్పలు గుర్తొచ్చాయి. అక్క రాగానే ఇద్దరం కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాం.

చవకేనా?

అమ్మ వాళ్ళ ఇల్లుంది కనుక కిరాయి లేదు. పెరట్లో నాలుగు కూరగాయలు పండుతాయి. కానీ పాత ఇంటికి రిపేరు, ఇంట్లోనే బాత్రూం తప్పవు. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, బావకు మాత్రం కొనాల్సిందే. రైలులో పెద్దవాళ్ళకుండే రాయితీ 2020 మార్చిలోనే ఆగిపోయింది.

నెల గడిచేదెట్లా?

బావకు వచ్చే పింఛను చిన్నది. చేతికొచ్చిన డబ్బులో 10 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే, 2025లో ఉన్న 8.2 శాతం వడ్డీ ప్రకారం మూడు నెలలకోసారి 20,500 రూపాయలు చేతికొస్తాయి. అంటే నెలకు 6,800 పైచిలుకు. కొంత సొమ్ము ఆపదకని బ్యాంకులో విడిగా ఉంచాలి.

ఆస్పత్రి సంగతి

మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పెద్ద జబ్బయితే వరంగల్ ఎంజీఎం ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అన్నీ ఉన్నా, రాత్రిపూట అక్కడిదాకా చేరడమెట్లా అన్నదే అసలు ప్రశ్న.

అసలు మాట

అప్పుడు అక్కను ఒకటే అడిగాను, “బావ లేని రోజు వస్తే, నువ్వొక్కదానివే ఈడ ఉండగలవా?” అక్క కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళలో తను బ్యాంకుకు ఒంటరిగా పోయింది లేదు. ముసలితనంలో వెనక మిగిలేది చాలాసార్లు మనమే కదా! కనుక ఇల్లు చూసేటప్పుడు ఇద్దరికి కాదు, ఒక్కరికి సరిపోతుందా అని చూడాలి. నడిచి పోయేంత దూరంలో మందుల షాపు, పోస్టాఫీసు, బస్సు, పిలిస్తే పలికే ఇరుగుపొరుగు ఉండాలి.

చివరికి వరంగల్-ఖమ్మం రోడ్డు మీదున్న తొర్రూరులో చిన్న పోర్షను కిరాయికి తీసుకుని ఏడాది ఉండి చూద్దామనుకున్నారు. వానాకాలం, ఎండాకాలం రెండూ గడిస్తే ఊరి సంగతి తెలుస్తుంది. ఊళ్ళో ఇల్లు అమ్మరు. కొడుకు పేర రాయాల్సి వస్తే, “మమ్మల్ని చూసుకోవాలి” అన్న షరతు పత్రంలోనే రాయించుకోవాలి. అట్లా రాస్తే, చూసుకోకపోతే ఆ పత్రం రద్దు చేయించే వీలు 2007 చట్టంలో ఉంది.

అక్క ఇప్పుడు బావతో బ్యాంకుకు పోయి ఫారాలు నింపడం నేర్చుకుంటోంది. ఆ పని మనమూ ఇప్పటినుంచే మొదలుపెడితే మంచిది కాదూ?