మాక్ టెస్ట్ వాయిదా వేస్తే వచ్చే హాయి... అదే అసలు చిక్కు!

రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష కాదు. ఈ తేడా తెలియకపోతే టెట్‌లో పోయేది ఒక మార్కే. ప్రిపరేషన్‌లో మాత్రం నెలలకు నెలలు పోతాయి.

ఆదివారం పొద్దున పదింటికి గ్రాండ్ టెస్ట్. తొమ్మిదిన్నరకే కడుపులో తిప్పినట్టు మొదలవుతుంది. ‘పాలిటీ రెండో రివిజన్ ఇంకా అవ్వలేదు కదా, వచ్చే వారం రాద్దాంలే’ అనుకుని ల్యాప్‌టాప్ మూసేస్తారు. అంతే, గుండె మీద బరువు దిగిపోతుంది. హాయిగా టీ తాగడానికి కిందికి వెళ్తారు. పై ఆదివారం కూడా ఇదే కథ. కాకపోతే ఈసారి ల్యాప్‌టాప్ తొమ్మిదింటికే మూతపడుతుంది.

ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. మనమూ అదే అనుకుని నాలుగు రోజులు బాధపడతాం. సైకాలజీలో దీనికి వేరే పేరుంది. టెట్, డీఎస్సీ రాసేవాళ్లు ఆ పేరును ఈపాటికే బట్టీ పట్టి ఉంటారు: రుణాత్మక పునర్బలనం. ఇంగ్లిష్ మీడియంవాళ్లకు నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. చిత్రమేమిటంటే చాలామంది దీన్ని ‘దండన’కు మరో పేరు అనుకుంటారు. నిజానికి రెండూ ఎదురెదురు.

రెండు ప్రశ్నలు చాలు

ఇక్కడ ధన, రుణ అనే మాటలకు మంచి, చెడు అని అర్థం కాదు. లెక్కల్లోలాగా కూడిక, తీసివేత అంతే. ఏ ఉదాహరణ ఇచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఆ ప్రవర్తన ముందుముందు పెరిగిందా, తగ్గిందా? పెరిగితే పునర్బలనం, తగ్గితే దండన. రెండు, ఆ పని చేశాక ఏదైనా కొత్తగా వచ్చిందా, ఉన్నది పోయిందా? వస్తే ధనాత్మకం, పోతే రుణాత్మకం.

కారెక్కి సీటు బెల్టు పెట్టుకోగానే బీప్ శబ్దం ఆగిపోతుంది. చిరాకు పోయింది, బెల్టు పెట్టుకునే అలవాటు పెరిగింది. కాబట్టి రుణాత్మక పునర్బలనం. హెల్మెట్ లేదని చలానా పడింది, జేబులో డబ్బు పోయింది, మర్నాటి నుంచి హెల్మెట్ లేకుండా వెళ్లడం తగ్గింది. అది రుణాత్మక దండన. మరి చలానా కట్టేసి మర్నాడూ బోడి తలతోనే బండి తీస్తే? అప్పుడది అసలు దండనే కాదు. ఇచ్చేవాళ్ల ఉద్దేశంతో పనిలేదు, ప్రవర్తన ఏమైందన్నదే లెక్క. పరీక్షలో మనల్ని పడగొట్టేది ఎక్కువగా ఈ ఒక్క పాయింటే.

ఇప్పుడు మన ఆదివారాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. టెస్ట్ మానేశారు, భయం పోయింది, మానేయడం పెరిగింది. అంటే ప్రతిసారీ మనకు మనమే ‘తప్పించుకోవడం’లో ట్రైనింగ్ ఇచ్చుకుంటున్నాం. ఆ ఊరట అక్కడికక్కడే దొరుకుతుంది. మార్కులు తగ్గే నష్టం ఎప్పుడో ఆరు నెలలకు కనిపిస్తుంది. వెంటనే వచ్చే ఫలితానిదే ఎప్పుడూ పైచేయి.

ఎలుక పాదాల మీద దెబ్బ

ఫలితాన్ని బట్టి ప్రవర్తన నిలుస్తుందని థార్న్‌డైక్ పిల్లులను పజిల్ పెట్టెల్లో పెట్టి 1898లోనే చూపాడు. దాన్ని పెద్ద శాస్త్రంగా మలిచినవాడు అమెరికన్ సైకాలజిస్ట్ బి.ఎఫ్. స్కిన్నర్ (1904-1990). ఆయన 1938లో ప్రచురించిన పుస్తకంలో ఓ ప్రయోగం ఉంది. మీట నొక్కితే తిండి వస్తుందని ఎలుకలకు నేర్పి, తర్వాత తిండి ఆపేశాడు. కొన్ని ఎలుకలకు మాత్రం మొదట్లో కాసేపు, మీట నొక్కినప్పుడల్లా పాదాల మీద దెబ్బ పడేలా ఏర్పాటు చేశాడు. అవి నొక్కడం ఒక్కసారిగా తగ్గించేశాయి. దెబ్బలు ఆగాక మెల్లగా మళ్లీ మొదలుపెట్టాయి. చివరికి మొత్తం లెక్కేస్తే దెబ్బ తిన్నవీ, తిననివీ దాదాపు సమానంగానే నొక్కాయి. దండన అలవాటును చెరపలేదు, కాసేపు అణచింది.

ఇది చదివి దండన ఎప్పుడూ పనిచేయదనుకోవద్దు. తీవ్రంగా, వెంటనే, ప్రతిసారీ పడితే గట్టిగానే ఆపుతుందని 1960ల్లో అజ్రిన్, హోల్జ్ వంటి వారి పరిశోధనలు చెప్పాయి. కానీ దానితో పాటు ఇంకోటి పుట్టుకొస్తుంది. నా ఇంటర్ హాస్టల్లో వారాంతపు టెస్టులో మార్కులు తగ్గినవాళ్లను స్టడీ అవర్‌లో గది బయట నిలబెట్టేవారు. దానివల్ల నేను నేర్చుకున్నది ఫిజిక్స్ కాదు, శనివారం పొద్దున జ్వరం తెచ్చుకోవడం! (విద్యాహక్కు చట్టం-2009 సెక్షన్ 17 బడిలో శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ నిషేధించింది. డీఎస్సీ అభ్యర్థులు నోట్ చేసుకోండి.)

టెస్టులో తక్కువ వచ్చినందుకు మనల్ని మనం తిట్టుకోవడం కూడా ఇలాంటిదే. దాంతో తగ్గేది తప్పులు కాదు, టెస్టులు రాయడం.

రిజల్ట్ పేజీ రిఫ్రెష్ చేస్తున్నారా?

ఓ శనివారం స్కిన్నర్ దగ్గర ఎలుకల మేత గుళికలు అయిపోవచ్చాయట. వాటిని ఆయన చేత్తో తయారుచేసుకునేవాడు. విసుగొచ్చి, ప్రతి నొక్కుకీ కాకుండా నిమిషానికొక గుళిక ఇస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు. ఎలుకలు నొక్కడం ఆపలేదు. అక్కడ మొదలైన పని 1957లో ఫెర్‌స్టర్‌తో కలిసి రాసిన పెద్ద గ్రంథం దాకా వెళ్లింది. ‘పునర్బలన నియమాలు’ అని మనం చదివేది దాన్నే.

స్థిర కాలవ్యవధిలో బహుమతి వస్తే, అందిన వెంటనే పని పడిపోతుంది, గడువు దగ్గరపడే కొద్దీ ఊపందుకుంటుంది. సెమిస్టర్ చివరి వారం గుర్తొచ్చిందా? చర నిష్పత్తిలో మాత్రం ఎన్నో ప్రయత్నానికి దొరుకుతుందో తెలియదు కాబట్టి ఆగకుండా చేస్తూనే ఉంటాం. రీల్స్ తిప్పే వేలు ఆగకపోవడానికి దీన్నే కారణంగా చెబుతారు. ఇక కమిషన్ వెబ్‌సైట్ రిఫ్రెష్ చేయడం చర కాలవ్యవధి కిందికి వస్తుంది. వందసార్లు నొక్కినా రిజల్ట్ దాని టైమ్‌కే వస్తుంది.

మరి ఆదివారం సంగతి? ముందు టెస్టును చిన్నది చేయండి. 150 ప్రశ్నలకు బదులు 20, అదీ బాగా వచ్చిన చాప్టర్ నుంచి. భయం తక్కువున్నచోట తప్పించుకుంటే దక్కే ఊరటా తక్కువే. రెండోది, బహుమతిని మార్కులకు కాకుండా కూర్చుని పూర్తిచేసినందుకు ఇచ్చుకోండి. ఎక్కువగా చేసే పనిని, తక్కువగా చేసే పనికి బహుమతిగా వాడొచ్చని డేవిడ్ ప్రెమాక్ 1959లో చెప్పాడు. ‘హోంవర్క్ అయ్యాకే ఆట’ అని మన అమ్మమ్మలు చెప్పిందే. ఆ టీ ఉంది చూశారూ, దాన్ని పదింటికి ముందు కాకుండా టెస్ట్ అయ్యాక తాగండి. ఫోన్ పక్కన పెడితే మొదటి రెండు మూడు రోజులు లాగుడు ఇంకా పెరగొచ్చు. బహుమతి ఆగిన కొత్తలో ప్రవర్తన ఎగసిపడటం మామూలే. సరిగ్గా అప్పుడు ఫోన్ అందుకుంటే, ‘గట్టిగా లాగితే ఇస్తారు’ అని నేర్పినట్టవుతుంది.

ఇప్పుడొక ప్రశ్న. వారమంతా హోంవర్క్ చేసినవారికి శనివారం హోంవర్క్ ఉండదని టీచర్ చెప్పారు. దాంతో పిల్లలందరూ శుక్రవారం దాకా చేసుకొస్తున్నారు. ఇది ఏమిటి? ‘దండన’ ఉన్న ఆప్షన్ దగ్గర పెన్ను ఆగిందంటే, పైన చెప్పిన రెండు ప్రశ్నలూ మరోసారి వేసుకోండి.