నీటి కయ్యెడి ఇంధనము

షత్ అల్ అరబ్ నదినుండి నావలపై మంచినీరు తెచ్చుకొని ఒకనాడు దాహము తీర్చుకొనిన కువైట్, మన తెలుగువా రనేకులు జీవనమునకై చేరిన ఆ మరుభూమి, 1950 దశకమునుండి సముద్రజలమును మరిగించి లవణము వేఱుచేయుటకు తన చమురును, సహజవాయువును వెచ్చించుచున్నది. కావున అచ్చట కుళాయి విప్పుట యనిన ఇంధనమును దహించుటయే. కృష్ణ కాలువలను నమ్ముకొనిన పెడనవాసికి ఈ లెక్క వింతగా తోచవచ్చును.

అయినను పెడన కలంకారీ అద్దకమునందును నీటికి నిప్పు తోడు కావలసినదే. కోరాబట్టను గంజి వదలువఱకు ఉతికి, కరక్కాయపొడియు పాలును కలిపిన నీట ముంచి యారవేసి, ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టిన ద్రవముతో నల్లనిగీతలను, ఎఱ్ఱరంగును పట్టియుంచు పటికను చెక్క అచ్చులతో నద్ది, పాఱునీట జాడించి, రాగిపాత్రలలో రంగుచెక్కలతో కాచిన పిమ్మటగాని వన్నె నిలువదు. అదనపు పటికను ప్రవాహమే కొనిపోవలెను. నిలువనీరైన మరకలు పడును. వేసవిలో కాలువలు కట్టివేసినపుడు ఈ పని యెంత చిక్కో చెప్పనక్కఱలేదు.

సహజవర్ణము లనగానే ప్రకృతికి హానియే లేదని మురియుట మన కలవాటు. వంటచెఱకును, జాడించిన నీటిని లెక్కింపని ఆ పొగడ్త నాకు రుచింపదు. తుదిజాడింపు నీటిని తరువాతి కోరాబట్టల తొలి ఉతుకునకు మళ్లించుట, కాగులపై మూతలుంచుట కార్మికునికి సాధ్యములే. ఏడాదికొక దుప్పటి మార్చి ఈ నీటి, కట్టెల వ్యయమును పెంచు కొనుగోలుదారుని అలవాటు మాత్ర మాతని చేతిలో లేదు.