నడుము చాటు పిస్టల్: చూడాల్సింది బలం కాదు, అదుపు

సైన్యంలో అధికారి నడుముకు కట్టుకునే పిస్టల్ అందరికీ కనపడుతుంది. కనపడినా ఫర్వాలేదు. అతని ఒంటిమీద యూనిఫాం ఉంటుంది, చుట్టూ జవాన్లు ఉంటారు. పౌరుడి సంగతి వేరు. అతని ఆయుధం పొద్దున్నుంచి రాత్రిదాకా దుస్తుల చాటునే ఉండాలి. బ్యాంకులో వరుసలో నిలబడ్డా, పెళ్లి విందులో కూర్చున్నా, మనవడిని ఎత్తుకున్నా అది ఒంటిమీదే ఉంటుంది. ఆత్మరక్షణ లైసెన్సు చేతికందాక నా దగ్గరకు సలహాకు వచ్చే నగల వ్యాపారులు, కాంట్రాక్టర్లు, సాటి మాజీ సైనికులు ముందుగా అడిగేది ‘సార్, ఏది పవర్‌ఫుల్?’ అనే. అడగాల్సింది అది కాదు. ‘రోజుకు పద్నాలుగు గంటలు దేన్ని నా అదుపులో ఉంచుకోగలను?’ అని అడగాలి.

బోరును తేల్చేది చట్టమే

డెహ్రాడూన్ అకాడమీలో మాకు చేతికిచ్చిన 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరుడికి దొరకదు. అది నిషిద్ధ బోరు. .38, .45 కూడా అంతే. చేతి తుపాకుల్లో సాధారణ లైసెన్సుదారుడికి ప్రధానంగా మిగిలేవి .32, .22 బోర్లు. .32 పిస్టల్ తూటా శక్తి 9 ఎంఎంలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. చాలామందికి ఇది నిరాశ కలిగిస్తుంది. కానీ అయిదారు గజాల దూరంలో, కళ్లముందున్న ప్రమాదం నుంచి బయటపడటానికి గురి తప్పని .32 తూటా చాలు. గురి తప్పితే ఎంత పెద్ద తూటా అయినా దారిన పోయేవాడి ప్రాణం మీదకు వస్తుంది.

కొత్తవాళ్లు తికమకపడే విషయం ఒకటుంది. .32 పిస్టల్ తూటా, .32 రివాల్వర్ తూటా ఒకటి కావు. అంకె ఒకటే, పొడవూ అంచూ వేరు. దుకాణంలో డబ్బా మీద రాసింది చదివే తీసుకోవాలి.

పిస్టలా, రివాల్వరా?

1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యుడికి మూసుకుపోయింది. అందుకే అంతకుముందు వచ్చిన పాత వాల్తర్లు, బ్రౌనింగులు ఇప్పటికీ చేతులు మారుతూ లక్షల్లో పలుకుతున్నాయి. స్వదేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల .32 రివాల్వర్లు, ‘అశని’ పిస్టల్ ఉన్నాయి. 2014లో కాన్పూర్ నుంచి మహిళలను ఉద్దేశించి వచ్చిన ‘నిర్భీక్’ రివాల్వర్ బరువు సుమారు అరకిలో. ధర మాత్రం విడుదలనాడే లక్ష దాటింది.

పిస్టల్ బల్లపరుపుగా ఉంటుంది, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించదు. అయితే .32 పిస్టళ్లలో స్లయిడ్‌ను పట్టి ఉంచేది గట్టి స్ప్రింగే. వేళ్లలో పట్టు తగ్గినవారికి దాన్ని వెనక్కి లాగడం కష్టం. అరవై దాటిన వారు దుకాణంలోనే, ఖాళీ పిస్టల్‌తో, వరుసగా పదిసార్లు లాగి చూడాలి. రివాల్వర్ చక్రం దుస్తుల్లోంచి ఉబ్బుతుంది. కానీ ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా వస్తుంది. ట్రిగ్గర్ లాగుడు పొడవుగా, బరువుగా ఉంటుంది కాబట్టి కంగారులో పొరపాటున నొక్కే అవకాశమూ తక్కువ. ఏడాదికి ఒకటి రెండుసార్లు మించి సాధన చేయలేనివారికి నేను చెప్పేది రివాల్వరే.

మరీ చిన్నది వద్దు

జేబులో ఇట్టే ఇమిడిపోయే బుల్లి తుపాకీ ముచ్చటగా ఉంటుంది. చిటికెన వేలు పిడి మీద ఆనకుండా గాలిలో వేలాడుతుంటే మాత్రం అది మీకు సరిపడదు. గొట్టం పొట్టిదైతే గురిచూసే రెండు బిందువుల మధ్య దూరం తగ్గుతుంది. పిడి పొట్టిదైతే పేలినప్పుడు చేతిలో ఎగురుతుంది. 1930 ప్రాంతంలో జర్మనీలో వచ్చిన వాల్తర్ పీపీకేను సాదా దుస్తుల పోలీసులను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. బరువు ఆరువందల గ్రాముల లోపే, మందం అంగుళం. అయినా దాని పిడి చేతికి ఆనుతుంది. కొలమానంగా దాన్ని గుర్తుంచుకోవచ్చు. అరకిలో నుంచి ముప్పావు కిలో మధ్య బరువు మన వేసవిలో, పలుచని చొక్కా కింద భరించగలిగేది. అంతకు మించితే మూడో వారానికి అది బీరువాలోకి చేరుతుంది.

పాత పిస్టళ్ల విషయంలో మరో జాగ్రత్త. కిందపడితే పేలకుండా ఆపే ఏర్పాటు వాటిలో చాలావాటికి ఉండదు. ఆర్మరర్‌కు చూపించకుండా కొనవద్దు. అలాంటి పిస్టల్ చాంబర్‌లో తూటా ఉంచుకుని తిరగడం సాహసం కాదు, తెలివితక్కువతనం. పాత రివాల్వర్ అయితే హామర్ ఎదుట ఉన్న గదిని ఖాళీగా వదలాలి.

దాచడం నిబంధన

మనదేశంలో తుపాకీ దాచుకోవడం ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీని ఒంటికి కట్టుకున్న హోల్‌స్టర్‌లో గానీ, తగిన సంచిలో గానీ ఉంచాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. మోసేవాడి అదుపులో ఉండాలి. పదిమందిలో తీసి చూపించడం నిషిద్ధం, లైసెన్సే రద్దు కావచ్చు. 2019 సవరణ తర్వాత పెళ్లి ఊరేగింపుల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నడుమున తుపాకీ కనిపించేలా ఫొటోలు దిగే మన నాయకుల అనుచరులు ఈ నిబంధన ఒక్కసారి చదివితే మంచిది.

కాబట్టి తుపాకీకి పెట్టిన శ్రద్ధే హోల్‌స్టర్‌కూ పెట్టాలి. ట్రిగ్గర్ పూర్తిగా కప్పి ఉండాలి. వంగినా, పరుగెత్తినా జారకూడదు. ఒక చేత్తో తీయగలగాలి. వదులుగా ప్యాంటు జేబులో, తాళాల గుత్తితో పాటు వేసుకోవడం కన్నా ప్రమాదం లేదు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే మహిళలు దానికోసం విడిగా ఒక అర కేటాయించుకోవాలి. ఆ బ్యాగు కుర్చీకి తగిలించి లేచి వెళ్లకూడదు. కోస్తా ఉప్పుగాలికి, చెమటకు ఉక్కు తుప్పు పడుతుంది. వారానికోసారి తుడిచి పలుచగా నూనె రాయాలి.

అదుపు తప్పే చోట్లు

కొనేముందు మీ వారం రోజుల తిరుగుడు కాగితం మీద రాసుకోండి. కోర్టు, విమానాశ్రయం, తిరుమల కొండ వంటి ఎన్ని చోట్లకు ఆయుధం తీసుకెళ్లలేరో లెక్క తేలుతుంది. అలాంటప్పుడు చాలామంది కారు డ్యాష్‌బోర్డులో వదిలి వెళ్తారు. అద్దం పగలగొట్టిన దొంగకు అది లైసెన్సు లేని తుపాకీ అవుతుంది. లైసెన్సు మీద చెల్లుబాటు ప్రాంతమూ చూసుకోవాలి. రాష్ట్రానికే పరిమితమైన లైసెన్సుతో హైదరాబాద్ నుంచి బెంగళూరు బయల్దేరితే సరిహద్దు దాటగానే నేరం. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటే చేయాల్సిందే.

ఇంట్లో పిల్లలకు తెలియని చోటంటూ ఉండదు. తలగడ కింద, బీరువాలో చీరల మధ్య దాచడం భద్రత కాదు. గోడకు బిగించిన ఉక్కు పెట్టె, తూటాలకు వేరే తాళం కావాలి. పెట్టెకు డబ్బు చాలకపోతే తుపాకీ కొనడం ఆపండి.

చివరి మాట

భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తాయి. అవసరానికి మించిన హాని చేసే హక్కు మాత్రం ఇవ్వవు. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే హక్కే ఉండదు. ఆ గీత ఎక్కడుందో రెండు క్షణాల్లో తేల్చుకోవాల్సింది మీరే, తర్వాత ఏళ్ల తరబడి సమాధానం చెప్పాల్సిందీ మీరే. అందుకే ముందు శిక్షణ, తర్వాత ఇంట్లో ఉక్కు పెట్టె, ఆపైన హోల్‌స్టర్, ఆఖరున పిస్టల్ అన్న వరుస పాటించండి. మొదటి మూడింటికి తీరిక లేనివారికి మంచి తాళం, సీసీ కెమెరా, రాత్రిపూట నగదుతో ఒంటరిగా తిరగని అలవాటు .32 కన్నా ఎక్కువ రక్షణ ఇస్తాయి.