రూట్ కెనాల్ దఫాల నడుమ తలెత్తే తీవ్ర నొప్పి: కారణాలు, చికిత్స

రూట్ కెనాల్ చికిత్స మొదలైన కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తీవ్రమైన నొప్పి, కొన్నిసార్లు వాపు తలెత్తి, రోగి నిర్ణీత తేదీకి ముందే వైద్యుణ్ణి ఆశ్రయించవలసి వస్తే దానిని దంతవైద్య పరిభాషలో ‘ఫ్లేర్-అప్’ అంటారు. చికిత్సానంతరం సహజంగా ఉండే స్వల్ప నొప్పి దీని కిందికి రాదు. వాల్టన్, ఫౌద్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో దీని రేటు 3.17 శాతం. అరుదైనదే అయినా, అంతవరకు నొప్పి ఎరుగని పన్ను చికిత్స మొదలయ్యాకే బాధించడంతో రోగి నమ్మకం సడలుతుంది; పన్ను తీయించుకోవడానికి సిద్ధపడేవారూ ఉంటారు.

కారణాలలో సూక్ష్మజీవులదే ప్రధాన పాత్ర. గుజ్జు నశించిన పంటిలోని బాక్టీరియాకూ, వేరుకొన చుట్టూ ఉన్న కణజాలపు రక్షణ వ్యవస్థకూ నడుమ ఒక సమతౌల్యం ఏర్పడి ఉంటుంది. నొప్పి లేదంటే రోగం లేదని కాదు; ఆ సమతౌల్యం నిలిచి ఉన్నదని మాత్రమే. నాళాన్ని ఫైళ్లతో శుభ్రపరిచేటప్పుడు బాక్టీరియా, మృతకణజాలం వేరుకొన దాటి వెలుపలికి పోతే అది చెదిరి తీవ్రశోథ మొదలవుతుంది. ఏ పద్ధతిలోనైనా కొంత వ్యర్థం అలా వెలుపలికి పోక తప్పదని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. కనుక ప్రతి ఫ్లేర్-అప్‌నూ వైద్యుని నిర్లక్ష్యంగా ఎంచడం సరికాదు. నాళం పొడవును తప్పుగా కొలవడం, కొంత గుజ్జు లోపలే మిగిలిపోవడం, తాత్కాలిక సిమెంటు సడలి లాలాజలం ఊరడం మాత్రం నివారించదగినవే.

చికిత్స విషయంలో అలవాటుకూ ఆధారానికీ పొంతన కుదరడం లేదు. నొప్పి అనగానే యాంటీబయాటిక్ రాసివ్వడం పరిపాటి. అయితే నొప్పి లేని, వేరుకొన వ్యాధి ఉన్న పళ్లకు ముందుజాగ్రత్తగా పెన్సిలిన్ ఇచ్చినా ఉత్తుత్తి మాత్రకు మించిన ప్రయోజనం లేదని వాల్టన్, కియాపినెల్లి 1993లోనే చూపారు. గుజ్జు నశించిన నాళంలో రక్తప్రసరణే ఉండదు. మందు అక్కడికి చేరే దారి లేదు. చేయవలసింది పంటిని తిరిగి తెరవడం, పొడవు సరిచూడడం, నాళాన్ని సోడియం హైపోక్లోరైట్‌తో జాగ్రత్తగా కడగడం, చీము ఉంటే పోనివ్వడం, కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంచి మూసివేయడం. పంటిని తెరిచే ఉంచి పంపే పాత పద్ధతి నోటిలోని బాక్టీరియాకు ద్వారం తెరిచినట్లే. కొరికినప్పుడు నొప్పి ఉంటే ఎదుటి పంటికి తగిలే ఎత్తును తగ్గిస్తారు. ఉపశమనానికి ఐబుప్రోఫెన్, అవసరమైతే దానితోపాటు పారాసిటమాల్ ఇస్తారు. కడుపులో పుండు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఐబుప్రోఫెన్ తగదు.

జ్వరం, వ్యాపించే వాపు, నోరు తెరవలేకపోవడం ఉన్నప్పుడు యాంటీబయాటిక్ తప్పనిసరి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే రోగిని జాప్యం లేకుండా ఆసుపత్రికి తరలించాలి.