గాజు తొట్టిలో చేప ఎందుకు దాగుకొంటుంది?

మన ఊరి పేరు పెట్టుకొన్న తెల్ల కుక్కను దేశమంతా ఎరుగును. 2005లో తపాలా శాఖవారు దాని బొమ్మతో బిళ్ళ కూడా వేసినారు. అది ఒక్కటే ఉండి ఇంటినీ తోటనూ కాచుకొంటుంది. కాని జంతువులన్నీ అట్లా ఒంటరిగా బ్రతుకగలవని అనుకోరాదు. అంగడినుంచి రంగుచేప ఒకటో రెండో తెచ్చి గాజు తొట్టిలో వేస్తాము. అది మూలకు పోయి కదలకుండా నిలిస్తే "ఉత్త పిరికిది" అని పేరు పెట్టుతాము. దాన్ని కదిలించడానికి పిల్లలు గాజుమీద టకటక కొట్టుతారు. కొద్ది రోజులకే చేప చచ్చి తేలుతుంది. దాగుకొన్న చేపకు పిరికితనం అంటగట్టక, దానికేమి కొరతో చూడవలెనని మేము మనవి చేస్తున్నాము.

జీబ్రా చేప, నియాన్ టెట్రా, టైగర్ బార్బ్ మొదలైనవి పుట్టుకతోనే గుంపుచేపలు. గుంపులో పది జతల కళ్ళు కాపలా కాస్తాయి. పైబడిన పెద్దచేపకు దేనిని పట్టవలెనో తోచదు. చేప పక్కల వెంట ఉండే సన్నని గీత నీటి కదలికను కనిపెట్టుతుంది. దానితోను, కంటిచూపుతోను ఒకదాని మలుపు మరొకటి తెలుసుకొంటుంది. ఒంటరిదైతే ఆ కాపలా అంతా తానే కాయవలె. ఇక మేత మీద ధ్యాస ఎక్కడిది? టైగర్ బార్బులను రెండు మూడు మాత్రమే ఉంచితే, పక్క చేపల రెక్కలు కొరికి తరుముతాయి. మనం పొగరనుకొనేది కూడ తరచు తోడులేని బాధే.

భయం ఒకదానినుంచి మరొకదానికి ఎట్లా పాకుతుందో 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. తేనెటీగల నృత్యభాషను విప్పి 1973లో నోబెల్ బహుమానం పంచుకొన్నది ఈయనే. గాయపడిన చిన్నచేపను గుంపులో వదలితే మిగిలినవన్నీ బెదరి పారిపోయినవి. గాయపడిన చర్మంనుంచి నీటిలో కలిసే ఒక పదార్థమే అందుకు కారణమని ఆయన తేల్చినాడు. కనుక వలతో మొరటుగా పట్టి ఒక చేపను గాయపరిస్తే తొట్టి అంతా కలవరపడవచ్చును.

ఇక గుర్తులు చూతము. రెక్కలు ఒంటికి ముడుచుకొనుట, రంగు వెలిసిపోవుట, మేత ముట్టకుండుట, గాజు వెంటనే పైకీ కిందికీ ఆగక తిరుగుట — ఇవి కలత గుర్తులు. నీటిపైకి వచ్చి నోరు తెరచి ఆయాసపడితే ఆలస్యం చేయరాదు. నీటిలో ప్రాణవాయువు తక్కువైనదో, మురికి పెరిగినదో. అయితే కొత్తగా వచ్చిన చేప రెండు మూడు రోజులు దాగుట సహజమే. నియాన్ టెట్రా రాత్రివేళ రంగు తగ్గుట కూడ రోగం కాదు.

చేయవలసినది కష్టమేమీ కాదు. ఒకే జాతివి ఆరింటికి తక్కువ కాకుండా ఉంచవలెను. జీబ్రా వంటి చిన్నవాటికి సుమారు 60 లీటర్ల తొట్టి కావలె. వెనుక వైపు ముదురురంగు కాగితం అంటించి, మూలల్లో నీటి మొక్కలు పెట్టవలెను. దాగే చోటు ఉన్నదని తెలిసిన చేపే ధైర్యంగా బయట తిరుగుతుంది. చీకటిలో ఒక్కసారిగా దీపం వేయరాదు. గ్రైండరు పక్కన, మగ్గం ఆడే గదిలో తొట్టి పెట్టరాదు. ఆ అదురు నీటిలోకి పోతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలకు హాని. నీటిని వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచి, లేక అంగడిలో దొరికే విరుగుడు చుక్కలు వేసి వాడవలెను. వారానికి నాలుగో వంతు నీరు మార్చితే చాలు. కొత్త తొట్టిలో మలినాన్ని విరిచే సూక్ష్మజీవులు పెరగడానికి నెలకు అటూ ఇటూ పట్టుతుంది. అంతవరకు మేత కొద్దిగానే వేయవలెను.

మరొక్క మాట. మన పడమటి కొండల ఏళ్ళలోను గుంపుచేపలున్నవి. తామ్రపర్ణి పేరే శాస్త్రనామంగా పొందిన బార్బ్ మన దక్షిణపు జిల్లాలదే. నేడది అంతరించే ప్రమాదంలో ఉన్నది. మన కొండ అడవి 2021నుంచి శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యంలో చేరినది. సరదాకు వెళ్ళిన పిల్లలు అక్కడి చేపలను సీసాలలో పట్టి తేకుండా పెద్దలు చూడవలెను. తొట్టికి పెంపకపు చేపలు చాలు.

మాటరాని ప్రాణి బాధను దాని నడతనుబట్టి గ్రహించే పిల్లవాడు, రేపు తరగతిలో మూలన కూర్చొన్న కొత్త విద్యార్థిని కూడ వెక్కిరించడు. పక్కన పోయి కూర్చొంటాడు. ఇంటిలో తొట్టి పెట్టినందుకు అంతకన్న లాభమేమి కావలెను?